డ్రమ్మర్ ఉండగా డ్రమ్ మెషిన్ ఎందుకు? జాయ్ డివిజన్ నుంచి న్యూ ఆర్డర్ దాకా

గిటార్లతో పేరు తెచ్చుకున్న బ్యాండ్ కరెంటుతో శబ్దం పుట్టించే సింథసైజర్ పట్టుకోగానే పాత అభిమానులు అలుగుతారు. అమ్ముడుపోయారని కొందరు, కాలంతో పాటు మారారని ఇంకొందరు వాదించుకుంటారు. ఆ వాదనలో సంగీతం గురించిన మాట పెద్దగా ఉండదు. మెషిన్ వచ్చి బ్యాండ్‌లో ఎవరి పని అందుకుంది, చేతులు ఖాళీ అయిన మనిషి ఆ తర్వాత ఏం వాయించాడు అని అడిగితే అసలు విషయం తేలుతుంది. మాంచెస్టర్ బ్యాండ్ న్యూ ఆర్డర్ కథను ఈ ప్రశ్నతో చూడాలి. 1980లో ఆ కుర్రాళ్లు దిగులు నిండిన రాక్ పాటలు వాయించేవాళ్లు. 1983కల్లా యూరప్ డాన్స్ క్లబ్బులన్నీ వాళ్ల పాట వేస్తున్నాయి. ఈ మూడేళ్లలో ఏం జరిగిందన్నది పాటల్లోనే వినపడుతుంది.

మొదట్లో వాళ్ల పేరు జాయ్ డివిజన్. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ కచేరీ జరిగింది. వచ్చినవాళ్లు చాలా తక్కువ మంది. వాళ్లలో బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ అనే ఇద్దరు స్నేహితులున్నారు. వీళ్లు వాయించగలిగితే మనమెందుకు వాయించలేం అనిపించింది. హుక్ మర్నాడే బేస్ గిటార్ కొన్నాడు. గాయకుడు ఇయాన్ కర్టిస్, డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ తర్వాత వచ్చి చేరారు. 1979లో ఫ్యాక్టరీ రికార్డ్స్ నుంచి వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' ఇప్పటికీ టీషర్టుల మీద కనపడే ఆ తెల్లగీతల కొండల బొమ్మతో సహా రాక్ చరిత్రలో స్థిరపడిపోయింది.

ఆ పాటలు వింటే రెండు సంగతులు గమనించవచ్చు. ఒకటి, బేస్ గిటార్ తాను ఉండాల్సిన కింది స్వరాల్లో ఉండదు. హుక్ కొన్న స్పీకర్లు అంతంత మాత్రం, పక్కన సమ్నర్ గిటార్ ఆంప్ హోరు. కింది స్వరాలు తనకే వినపడక అతను తీగల మీద పైకి జరిగి, గిటార్ వాయించాల్సిన చోట రాగం వాయించడం మొదలుపెట్టాడు. అవసరం కొద్దీ పట్టుబడ్డ ఈ అలవాటు ఆ తర్వాత ముప్పై ఏళ్లు అతని సంతకంలా నిలిచింది. రెండోది, డ్రమ్స్ మనిషి వాయించినట్టు అనిపించవు. దానికి కారణం స్టూడియోలో రికార్డింగ్ నడిపే ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్. ఒక్కో డ్రమ్ శబ్దం మరోదానితో కలవకుండా శుభ్రంగా రావాలని ఆయన పట్టు. అందుకని కొన్ని పాటలకు మోరిస్‌తో కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఒక్కటే విడిగా, కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ ఒక్కటే విడిగా వాయింపజేసి రికార్డు చేశాడు. డ్రమ్మర్‌కి రెండు చేతులూ రెండు కాళ్లూ కలిసి కదిలితేనే తాళం ఒంటికి పడుతుంది. ఒక్కో ముక్కనూ విడదీసి గంటలకొద్దీ వాయించమంటే అది డ్రమ్ మెషిన్ చేసే పనే. మోరిస్ ఆ పని తన చేతులతో చేశాడు. అంటే మెషిన్ రాకముందే దాని క్రమశిక్షణ ఈ బ్యాండ్‌లోకి వచ్చేసింది.

సింథసైజర్ కూడా అప్పటికే ఉంది. పవర్‌ట్రాన్ అనే కంపెనీ విడి భాగాల కిట్లు అమ్మేది. సమ్నర్ అలాంటి కిట్ తెచ్చుకుని ట్రాన్సెండెంట్ 2000 అనే సింథ్‌ను స్వయంగా సోల్డరింగ్ చేసి తయారుచేసుకున్నాడు. 1980లో వచ్చిన రెండో ఆల్బమ్ 'క్లోజర్'లోని 'ఐసొలేషన్' పాటలో ముందుండి నడిపేది సింథే. అందుకని గిటార్ బ్యాండ్ ఒక రాత్రి నిద్రలేచి ఎలక్ట్రానిక్ బ్యాండ్ అయిపోయిందనే కథ నమ్మదగినది కాదు. విత్తనాలు ముందే పడ్డాయి.

1980 మే 18న, అమెరికా పర్యటనకు బయల్దేరాల్సిన ముందురోజు, కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. అతనికి ఇరవై మూడేళ్లు. మూర్ఛవ్యాధితో, డిప్రెషన్‌తో చాలాకాలంగా బాధపడుతున్నాడు. ఎవరు తప్పుకున్నా పాత పేరు వాడకూడదని బ్యాండ్‌లో ముందే ఒప్పందం ఉంది. మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అని పేరు పెట్టుకున్నారు. అదే ఏడాది చివర్లో గిలియన్ గిల్బర్ట్ కీబోర్డులకూ గిటార్‌కూ వచ్చి చేరింది.

పాడేది ఎవరన్నది పెద్ద సమస్య అయింది. ముగ్గురూ ప్రయత్నించి చూశారు. చివరికి సమ్నర్ మీద పడింది. 1981 నవంబరులో వచ్చిన 'మూవ్‌మెంట్' ఆల్బమ్ వింటే ఆ ఇబ్బంది ప్రతి పాటలోనూ తెలుస్తుంది. కర్టిస్‌ది లోతైన గొంతు. పాట కింది సగాన్ని ఆ గొంతే నింపేది. హుక్ బేస్ పైన తిరుగుతూ ఉంటే, గిటార్ ఇంకా పైన ఉంటే, అడుగున బరువు పెట్టింది ఆ గొంతే. అది పోయేసరికి పాటల అడుగు భాగం ఖాళీ అయింది. సమ్నర్‌ది సన్నటి, బెరుకు గొంతు. దాన్ని కర్టిస్‌లా వినిపించే ప్రయత్నం ఆల్బమ్‌ను ఇంకా బరువుగా మార్చింది. హానెట్‌తో బ్యాండ్‌కు పొసగలేదు. ఆ ఏడాది తర్వాత ఆయనతో పనిచేయలేదు. ఈ ఆల్బమ్‌ను చాలామంది మధ్యలో పడ్డ మెట్టుగా కొట్టిపారేస్తారు గానీ, తర్వాత మెషిన్ ఏ ఖాళీని నింపిందో తెలియాలంటే దీన్ని వినక తప్పదు.

ఆ ఖాళీ నింపే శబ్దం రెండు చోట్ల నుంచి వచ్చింది. 1980 సెప్టెంబరులోనే, కొత్త పేరుతో, బ్యాండ్ అమెరికా వెళ్లింది. న్యూయార్క్‌లో వాళ్ల వాద్యాలన్నీ దొంగతనానికి గురయ్యాయి. అదే నగరంలోని క్లబ్బుల్లో డిస్కో, ఎలక్ట్రో పాటలకు జనం రాత్రంతా ఊగడం కూడా వాళ్లు చూశారు. ఇంగ్లండ్ రాక్ కచేరీల్లో చేతులు కట్టుకుని నిలబడే ప్రేక్షకులకు అలవాటుపడ్డ వాళ్లకు అది కొత్త లోకం. మరోవైపు బెర్లిన్‌లో ఉండే మాంచెస్టర్ స్నేహితుడు మార్క్ రీడర్ డాన్స్ రికార్డులు సమ్నర్‌కు పోస్టులో పంపుతుండేవాడు. దిగులులో ఉన్న మనిషికి రాక్ పాట ఆ దిగులునే తిరిగి వినిపిస్తుంది. ఈ రికార్డులు మాత్రం దిగులును మోస్తూనే కాళ్లు కదిలించగలవు. న్యూ ఆర్డర్‌కు కావలసింది సరిగ్గా అదే.

1981లో వచ్చిన 'ఎవ్రీథింగ్స్ గాన్ గ్రీన్' పాటలో మొదటి అడుగు పడింది. డ్రమ్ మెషిన్ నుంచి వచ్చే పల్స్‌ను సింథ్‌కు తగిలించి, ఆ పల్స్ కొట్టినప్పుడల్లా స్వరం పలికేలా చేశారు. 1982లో వచ్చిన 'టెంప్టేషన్'లో మోరిస్ నిజం డ్రమ్స్, ముందే ఎక్కించిన స్వరాలను తనంతట తానే వాయించే సీక్వెన్సర్ రెండూ పక్కపక్కనే పరుగెత్తుతాయి. ఈ పాటకు ప్రొడ్యూసర్ బ్యాండే. సీక్వెన్సర్ ఒక్క అణువు కూడా తడబడదు. మోరిస్ మాత్రం మనిషి కాబట్టి ఒక వెంట్రుకవాసి ముందూ వెనకా అవుతుంటాడు. ఆ రెంటి మధ్య రాపిడిలోంచి పుట్టిన ఉత్సాహం న్యూ ఆర్డర్ పాటల్లో మరెక్కడా అంతగా వినిపించదు.

ఇప్పుడు సీక్వెన్సర్ అంటే లాప్‌టాప్‌లో ఒక విండో. ఆ రోజుల్లో దాన్ని పని చేయించడమే పెద్ద పని. సమ్నర్ మళ్లీ పవర్‌ట్రాన్ కిట్టే తెచ్చుకుని సీక్వెన్సర్ తయారుచేశాడు. డ్రమ్స్‌కు ఓబర్‌హైమ్ కంపెనీ డీఎంఎక్స్ కొన్నారు. ఈ డీఎంఎక్స్‌లో శబ్దాలు నిజం డ్రమ్స్‌ను రికార్డు చేసి చిప్పులో పెట్టినవి. అందుకే దాని కిక్ గుండె మీద గుద్దినట్టు ఉంటుంది. కిట్‌తో తయారైన సీక్వెన్సర్‌కూ దుకాణంలో కొన్న డ్రమ్ మెషిన్‌కూ ఒకదాని భాష ఇంకొకదానికి రాదు. వేర్వేరు కంపెనీల వాద్యాలు మాట్లాడుకోవడానికి పుట్టిన మిడి పద్ధతిని మొదటిసారి బయట చూపించింది 1983 జనవరిలో. న్యూ ఆర్డర్ తమ పాట రికార్డు చేసేనాటికి అది వాళ్ల చేతికి అందలేదు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఒకాయన ఈ రెండు మెషిన్ల మధ్య పెట్టడానికి ఒక సర్క్యూట్ తయారుచేసి ఇచ్చాడు. అది పెట్టాక డ్రమ్ మెషిన్ కొట్టిన తాళానికి సీక్వెన్సర్ కదిలింది.

ఆ కదలికలోంచి వచ్చిన పాటే 'బ్లూ మండే'. 1983 మార్చి 7న విడుదలైంది. పాట నిడివి ఏడున్నర నిమిషాలకు ఒక సెకను తక్కువ. మొదలు కిక్ డ్రమ్ ఒక్కటే. ముందు విడివిడిగా దెబ్బలు, వెంటనే గుక్కతిప్పుకోకుండా వరసపెట్టి దెబ్బలు. ఇంకే వాద్యమూ లేకుండా ఈ కిక్ ఒక్కటి విన్నా పాట ఏదో ప్రపంచమంతా చెప్పేయగలదు. తర్వాత సింథ్ రాగం, దాని కింద మూగ్ సోర్స్ సింథ్ పలికే బేస్, ఆపైన హుక్ బేస్ గిటార్. గొంతు వినపడేది రెండు నిమిషాలు దాటాకే. రేడియోకి పనికొచ్చే పాటను ఎవరూ ఇలా కట్టరు.

ఈ పాటలో సింథ్ రాగం కిక్‌తో సరిగ్గా కలవకుండా పక్కకు జారినట్టు ఉంటుంది. చాలామందికి అది గమనించకుండానే నచ్చుతుంది. దాని వెనక కథ గిల్బర్ట్ స్వయంగా చెప్పింది. పాట మొత్తాన్నీ మొదటి నుంచి చివరిదాకా ఒక్కో స్వరం చొప్పున సీక్వెన్సర్‌లోకి ఎక్కించే పని ఆమెది. స్వరాల వరసంతా ఏ4 కాగితాల మీద రాసుకుని, కాగితాలను టేపుతో అతికిస్తే, ఆ పట్టీ స్టూడియో ఈ చివర నుంచి ఆ చివరిదాకా వచ్చిందట. ఎక్కించేటప్పుడు ఒక స్వరం జారిపోయింది. అక్కడి నుంచి రాగం అంతా ఒక మెట్టు పక్కకు జరిగింది. మనిషి వాయిస్తుంటే ఇలాంటి తప్పును మరుసటి ఆవృత్తంలో సరిచేసుకుంటాడు, చెవి ఊరుకోదు. మెషిన్‌కు చెవి లేదు. ఎక్కించిన తప్పును ఎక్కించినట్టే, అంతే నమ్మకంగా, ఏడు నిమిషాలూ వాయించింది. ఆ నమ్మకం వల్లనే తప్పు కాస్తా పాట నడకగా మారిపోయింది. దాన్ని దిద్దకుండా వదిలేసిన చెవి మాత్రం బ్యాండ్‌దే, ఆ మెచ్చుకోలు వాళ్లకు దక్కాలి.

పాటలో ఎవరి పని ఎటు మారిందో ఇప్పుడు చూడవచ్చు. అడుగున బరువు మోసే పని మూగ్ తీసుకుంది. ఒకప్పుడు కర్టిస్ గొంతు నింపిన చోటు అది. దాంతో హుక్ ఇక కింది స్వరాల గురించి పట్టించుకోనక్కరలేదు. అప్పటిదాకా బేస్ గిటారిస్టు పైకి వెళితే అడుగు బోలు అయ్యేది. ఇప్పుడు ఆ బెంగ లేదు. ఎన్నియో మోరికోనె సినిమా సంగీతం తనకు ప్రేరణ అని హుక్ చెప్పిన ఆ బేస్ వరస, పాటలో మనిషి గొంతు కంటే ఎక్కువ పాడుతుంది. మెషిన్ రాకతో బేస్ గిటారిస్టు పని పోవాలి, మామూలు లెక్క ప్రకారం. ఇక్కడ అతనికి అంతకుముందు లేని స్వేచ్ఛ దొరికింది. మోరిస్ సంగతీ అంతే. డ్రమ్ మెషిన్‌ను ప్రోగ్రామ్ చేసిన మనిషి అతనే. హానెట్ దగ్గర ఒక్కో డ్రమ్‌ను విడిగా వాయించిన అనుభవం ఉన్నవాడికి ఒక్కో శబ్దాన్ని విడిగా గళ్లలో పెట్టడం కొత్త విద్య కాదు.

సమ్నర్ గొంతుకు కూడా ఈ మార్పు మేలు చేసింది. 'మూవ్‌మెంట్'లో అతని గొంతు కర్టిస్ పక్కన నిలబెట్టినట్టు బలహీనంగా వినపడేది. 'బ్లూ మండే'లో అతను ఏ భావమూ పైకి తేకుండా చదునుగా పాడతాడు. చుట్టూ అన్నీ కచ్చితంగా కదిలే మెషిన్లే కాబట్టి ఆ చదును గొంతు మనసు మొద్దుబారిన మనిషి మాటలా తగులుతుంది. పెద్ద గొంతున్న గాయకుడైతే ఈ పాటను పాడు చేసేవాడు.

పాట ఎందుకు పుట్టిందన్న దానికి బ్యాండ్ చెప్పే కథ ఒకటుంది. కచేరీ చివర్లో 'వన్స్ మోర్' అని జనం అరిస్తే వీళ్లు మళ్లీ స్టేజీ ఎక్కేవాళ్లు కాదు. మీట నొక్కితే మెషిన్లే వాయించే పాట ఒకటి ఉంటే జనం కోరికా తీరుతుంది, తమకూ శ్రమ ఉండదు అనుకున్నారట. ఆ కథ ఎంత ప్రచారంలో ఉన్నా, తర్వాత వాళ్లు చేసిన పని దానికి పూర్తిగా ఎదురు. 1983 మార్చి 31న బీబీసీ టీవీ షో 'టాప్ ఆఫ్ ద పాప్స్'లో అందరూ రికార్డు వేసి పెదాలు కదిపే రోజుల్లో వీళ్లు మెషిన్లన్నీ మోసుకొచ్చి అక్కడికక్కడ వాయించారు. అది బాగా రాలేదు. కచేరీల్లోనూ అంతే. కిట్ సీక్వెన్సర్ వేడికీ కుదుపుకూ మొరాయిస్తే జనం ముందు నిలబడి బాగుచేసుకోవలసి వచ్చేది. తాళం తప్పకుండా కొట్టే మెషిన్లు తెచ్చుకున్నాక వాళ్ల కచేరీలు ఇంకా టెన్షన్‌గా మారాయి. మీట నొక్కి కూర్చునే బ్యాండ్ అయితే ఈ బాధ పడనక్కరలేదు.

రికార్డు కవర్ సంగతి కొంచెం చెప్పాలి. డిజైనర్ పీటర్ సావిల్ దాన్ని ఫ్లాపీ డిస్క్ ఆకారంలో, చిల్లులతో సహా తయారుచేశాడు. బ్యాండ్ పేరూ పాట పేరూ అక్షరాల్లో లేవు, అంచున రంగుల గళ్ల సంకేతంలో ఉన్నాయి. ఆ సంకేతం విప్పే చక్రం తర్వాత మే నెలలో వచ్చిన 'పవర్, కరప్షన్ అండ్ లైస్' ఆల్బమ్ వెనక ఉంది. ఆ ఆల్బమ్ ముందు వైపు మాత్రం పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు ఫాంటాన్-లాతూర్ వేసిన గులాబీల బుట్ట. గులాబీల పక్కన కంప్యూటర్ రంగుల గళ్లు. ఈ బ్యాండ్ సంగీతం గురించి వ్యాసాలన్నీ చెప్పాల్సిన మాట ఆ కవర్ ఒక్కటే చెప్పేసింది.

పాట బ్రిటన్ చార్టులో మొదట 12వ స్థానం దాకా వెళ్లి దిగింది. వేసవిలో క్లబ్బుల్లో మోగి, శరదృతువులో మళ్లీ ఎక్కి 9కి చేరింది. బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన 12 అంగుళాల సింగిల్ (ఒక పాట కోసం వేసే పెద్ద రికార్డు) ఇదే. ఆ డబ్బులో చాలా భాగం ఫ్యాక్టరీ రికార్డ్స్‌తో కలిసి 1982 మేలో తెరిచిన హాసియెండా క్లబ్ మింగేసింది. కానీ ఎనభైల చివర్లో ఇంగ్లండ్‌లో హౌస్ అనే డాన్స్ సంగీతం పాకడంలో ఆ క్లబ్‌ది పెద్ద చెయ్యి.

ఆ రోజుల్లో బ్రిటన్ సంగీతకారుల్లో సింథసైజర్ అంటే నిజమైన భయం ఉంది. 1982లో మ్యుజీషియన్స్ యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ సింథ్‌లనూ డ్రమ్ మెషిన్లనూ నిషేధించాలని తీర్మానం కూడా చేసింది. ఆ భయాన్ని వెటకారం చేయకూడదు. సినిమా రికార్డింగ్ థియేటర్లలో కీబోర్డులు వచ్చాక వరసగా కూర్చునే వయొలిన్ వాద్యకారులకు పిలుపులు ఎలా తగ్గాయో తెలుగువాళ్లకు కూడా తెలుసు. అయితే అక్కడ మెషిన్‌ను తెచ్చింది ఖర్చు చూసుకునేవాళ్లు. న్యూ ఆర్డర్‌లో దాన్ని తెచ్చింది వాయించేవాళ్లే. మెషిన్‌కు ఏ పని ఇవ్వాలో, ఏ పని తమ దగ్గరే ఉంచుకోవాలో నిర్ణయం వాళ్ల చేతుల్లో ఉంది. ఫలితాలు వేరుగా ఉండటానికి అదే కారణం.

1986 నాటి 'బ్రదర్‌హుడ్' ఆల్బమ్‌లో ఒక వైపు గిటార్ పాటలు, రెండో వైపు ఎలక్ట్రానిక్ పాటలు విడదీసి పెట్టారు. ఆలోచన బాగానే ఉంది గానీ, రెండింటినీ విడదీయగానే రాపిడి తగ్గింది. ఐబిజా దీవిలో మొదలుపెట్టి 1989లో విడుదల చేసిన 'టెక్నిక్'లో మళ్లీ కలిపేశారు. అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఎండ తగిలిన ఆ పాటల్లో కూడా హుక్ బేస్ దిగులుగానే పాడుతుంది.

ఇదే మలుపు తిరిగిన తర్వాతి తరం బ్యాండ్లలో అందరికీ గుర్తొచ్చేది రేడియోహెడ్. 'ఓకే కంప్యూటర్'తో గిటార్ రాక్ శిఖరం ఎక్కాక, 2000 అక్టోబరులో 'కిడ్ ఎ' తెచ్చారు. మొదటి పాటలో గిటారే వినపడదు, ప్రాఫెట్ 5 సింథ్, ముక్కలు చేసిన థామ్ యార్క్ గొంతు తప్ప. 'ఇడియోటెక్' పాట కోసం గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ మాడ్యులర్ సింథ్‌తో చాలాసేపు రికార్డు చేసి ఇచ్చిన టేపులోంచి యార్క్ చిన్న ముక్క ఏరుకున్నాడు. అందులో పాల్ లాన్‌స్కీ 1973లో కంప్యూటర్ మీద చేసిన సంగీతం తునక ఉంది. ఈ పద్ధతిలో ముగ్గురు గిటారిస్టులున్న బ్యాండ్‌లో కొందరికి వాయించడానికి ఏమీ లేని రోజులు వచ్చాయి. తమ పని ఏమిటో తెలియక సతమతమయ్యామని వాళ్లే చెప్పుకున్నారు. న్యూ ఆర్డర్‌లో మెషిన్ అడుగున చేరి మనుషులను పైకి తోసింది. రేడియోహెడ్‌లో మెషిన్ మొదట మనుషులను పక్కకు నెట్టింది, వాళ్లు తర్వాత ఏళ్లలో కచేరీల్లో ఆ పాటలను వాయిస్తూ వాయిస్తూ తమ చోటు తిరిగి సంపాదించుకున్నారు. 'కిడ్ ఎ' గొప్ప రికార్డే. అయినా ఆ పాటలు స్టేజీ మీద ఇంకా బాగుంటాయి.

1998లో స్మాషింగ్ పంప్‌కిన్స్ 'అడోర్'లో డ్రమ్ మెషిన్లు వాడినప్పుడు బ్యాండ్‌లో డ్రమ్మర్ జిమ్మీ చాంబర్లిన్ లేడు. లేని డ్రమ్మర్ చోటునే ఆ మెషిన్లు చూపిస్తూ ఉంటాయి. 2009లో యా యా యాస్ అనే బ్యాండ్ 'ఇట్స్ బ్లిట్జ్' ఆల్బమ్ చేసినప్పుడు గిటారిస్టు నిక్ జిన్నరే సింథ్ ముందు కూర్చున్నాడు, గిటార్‌లోని కరకుదనం అందులోకి వచ్చింది.

న్యూ ఆర్డర్ నుంచి హుక్ 2007లో వెళ్లిపోయాడు. కొన్నేళ్ల విరామం తర్వాత గిల్బర్ట్ తిరిగి వచ్చింది, బేస్‌కు టామ్ చాప్‌మన్ చేరాడు, 2015లో 'మ్యూజిక్ కంప్లీట్' వచ్చింది. సింథ్‌లు ఎప్పటికంటే మెరుగ్గా ఉన్నాయి, సీక్వెన్సర్‌కు ఇప్పుడు ఎవరూ సోల్డరింగ్ చేయనక్కరలేదు. చాప్‌మన్ బేస్ కూడా చాలాచోట్ల పైకెక్కి రాగం వాయిస్తుంది. వాయించే మనిషి వేరైనా, ఈ పాటల్లో బేస్‌కు మిగిల్చిన చోటు పైనే ఉంది.